మొక్కుబడి కట్టాలా, అమ్మను చూసుకోవాలా?

(హైదరాబాద్‌లో ఆదివారం సాయంత్రం జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. ఫోన్ చేసినవాళ్ల పేర్లు తీసేశాం.)

యాంకర్: అందరికీ వందనాలు. దేవుని ఆజ్ఞ ఒకవైపు లాగుతుంటే, ఇంట్లో మనిషి కష్టం ఇంకోవైపు లాగుతుంటే ఏం చేయాలి? ఈరోజు దీని గురించి పాస్టర్ గారితో మాట్లాడొచ్చు. మొదటి కాల్ మల్కాజ్‌గిరి నుంచి. హలో, చెప్పండి బ్రదర్.

కాలర్: వందనాలు అయ్యగారూ. నేను డెలివరీ వ్యాన్ నడుపుతాను. పోయిన వాచ్ నైట్ ఆరాధనలో, అదే డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, మందిర నిర్మాణానికి 50,000 ఇస్తానని మొక్కుకున్నా. కార్డు మీద పేరు రాయించి సంతకం కూడా పెట్టించుకున్నారు. 12,000 కట్టాను. తర్వాత మా అమ్మ బాత్రూంలో పడ్డది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ ఇంకా లేవలేదు. ఆమెను పక్కకు తిప్పాలంటే ఇద్దరు కావాలి, నేను బండి మీద పోతే ఇంట్లో నా భార్య ఒక్కతే, వీపు కింద పుండు కూడా మొదలైంది. మనిషిని పెట్టుకుంటే నెలకు 18,000 అడుగుతున్నారు.

పాస్టర్: నాన్నగారు ఉన్నారా తమ్ముడూ?

కాలర్: లేరండి. అమ్మకు నేనొక్కడినే. అసలు బాధేంటంటే, రెండు వారాల కింద ఆరాధన అయిపోగానే బాకీ ఉన్నవాళ్ల పేర్లు మైకులో చదివారు, అందులో నా పేరు కూడా వచ్చింది. బయటికి వస్తుంటే ఒకాయన అననీయ, సప్పీరా సంగతి గుర్తుచేశాడు, బైబిల్లో పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని చనిపోయిన భార్యాభర్తలు. మొక్కు తీర్చలేదు కాబట్టే మీ అమ్మ పడ్డది అన్నాడు. అప్పట్నుంచి నిద్ర లేదు. ఫైనాన్స్‌లో అప్పు తీసుకుని కట్టేద్దామా అని చూస్తున్నా.

పాస్టర్: ముందు ఆ అప్పు మాట మనసులోంచి తీసెయ్యి. సోమవారం పొద్దున ఫైనాన్స్ ఆఫీసు వైపు కూడా వెళ్లకు. ఇక ఆ అన్నాయన మాట. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే అడిగారు, ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా అని. ఇద్దరూ కాదన్నాడు యేసు, యోహాను 9వ అధ్యాయం. తడి బాత్రూంలో కాలు జారిన ముసలమ్మ మీద దేవుని కోపం దిగిందని చెప్పే అధికారం ఎవరికీ ఇవ్వలేదాయన. ఆ మాట విన్నందుకు నాకే బాధగా ఉంది, నీకు ఎట్లుంటుందో నాకు తెలుసు.

కాలర్: కానీ అననీయ చచ్చిపోయాడు కదండీ.

పాస్టర్: చనిపోయాడు, ఎందుకో చదువు. అపొస్తలుల కార్యాలు 5వ అధ్యాయం, 4వ వచనం. పేతురు ఏమంటాడంటే, పొలం అమ్మకముందు అది నీదే కదా, అమ్మిన తర్వాత కూడా డబ్బు నీ చేతిలోనే ఉంది కదా అని. అంటే మొత్తం ఇవ్వకపోవడం నేరం కాదు. కొంత దాచుకుని అంతా ఇచ్చేశానని సంఘం ముందు అబద్ధమాడాడు, అదీ నేరం. నువ్వు ఎవరికైనా 50,000 కట్టేశానని చెప్పావా?

కాలర్: లేదండి. ఎంత బాకీ ఉందో అందరికీ తెలుసు.

పాస్టర్: మరి నీకూ అననీయకూ పోలిక ఎక్కడ? అయితే మొక్కుబడి చిన్న విషయమని నేను అనను. దేవునికి మొక్కుకుంటే ఆలస్యం చేయకుండా చెల్లించమని ద్వితీయోపదేశకాండం 23లో ఉంది, ప్రసంగి 5లో ఉంది. ఆ మాటలు నేను కొట్టిపారెయ్యను. కానీ మొక్కుబడుల మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది, లేవీయకాండం 27, దాన్ని మైకులో చదవగా నేను పెద్దగా వినలేదు. అక్కడ మనిషిని దేవునికి మొక్కుకుంటే ఎంత వెల కట్టాలో లెక్క ఉంటుంది, 20 నుంచి 60 ఏళ్ల మగవాడికి 50 షెకెల్ల వెండి, ఇట్లా వయసును బట్టి. వెంటనే 8వ వచనం: మొక్కుకున్నవాడు బీదవాడై అంత కట్టలేకపోతే అతన్ని యాజకుడి దగ్గరికి తీసుకురావాలి, యాజకుడు అతని స్తోమత చూసి వెల తగ్గించాలి. గమనించావా, తగ్గించమని ధర్మశాస్త్రమే చెబుతోంది. కనికరం బయటినుంచి వచ్చి ఆజ్ఞను ఆపడం లేదు, ఆజ్ఞలోనే దేవుడు రాసిపెట్టాడు.

యాంకర్: అంటే అది మినహాయింపు కాదంటారా?

పాస్టర్: కాదమ్మా, అదీ ఆజ్ఞే. పాపపరిహార బలి చూడండి, లేవీయకాండం 5. గొర్రెపిల్ల తేలేకపోతే రెండు గువ్వలు, అవీ లేకపోతే ఏఫా అనే కొలతలో పదో వంతు పిండి. మరియ, యోసేపులు బాలయేసును దేవాలయానికి తెచ్చినప్పుడు బీదవాళ్లు ఇచ్చే ఆ రెండు పక్షులనే అర్పించారు, లూకా 2లో ఉంది. మన ప్రభువు ఇంట్లోనే గొర్రెపిల్లకు స్తోమత లేదు తమ్ముడూ. ఇంకోటి, మూడో సంవత్సరం దశమ భాగం, అంటే పంటలో పదో వంతు, ఎవరికి? దేవుని మందిరంలో సేవ చేసే లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్లకు, వాళ్లు తిని తృప్తిపడాలని ద్వితీయోపదేశకాండం 14 చెబుతుంది. మీ అమ్మ విధవరాలు. ఆ లెక్కన చూస్తే నీ సంఘమే ఈపాటికి మీ ఇంటికి ఒక సంచి బియ్యం తెచ్చి ఉండాల్సింది.

కాలర్: (కాసేపు మాట రాదు) అట్లా ఎవరూ చెప్పలేదండి.

పాస్టర్: మార్కు 7 కూడా ఇంటికి వెళ్లి చదువు, మీ అమ్మ పక్కన కూర్చుని చదువు. యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రులతో, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్లతో, యేసు అంటాడు: తల్లిదండ్రులను సన్మానించమని దేవుడు చెప్పాడు, మీరేమో, నా వల్ల మీకు అందాల్సింది దేవునికి ఇచ్చేశాను అని కొడుకు ఒక్క మాట అంటే చాలు, ఇక వాళ్లకు ఏమీ చేయనివ్వడం లేదు. అట్లా దేవుని మాటనే రద్దు చేస్తున్నారని వాళ్ల మొహం మీదే అన్నాడు. నీ విషయం అచ్చం ఇదే. కాబట్టి ఒక కాగితం మీద నీ జీతం, అమ్మ ఖర్చు, ఇప్పటిదాకా కట్టింది రాసి, మీ పాస్టర్ గారిని ఒంటరిగా కలువు. అమ్మ లేచేదాకా నెలకు 200 ఇవ్వగలిగితే 200, ఇవ్వలేకపోతే లేదు, అంతే చెప్పు. దాక్కుని తిరగకు, ఆరాధన మానకు. ఈ రాత్రి చేయాల్సింది ఇంకోటుంది, పుండు సంగతి. రేపే డాక్టరుకు చూపించు, ఎయిర్ బెడ్ గురించి అడుగు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ ఉండండి. ముసలివాళ్లకు ఆ పుండు ముదిరితే చాలా కష్టం.

కాలర్: సరే అయ్యగారూ. చాలా వందనాలు.

యాంకర్: తర్వాత ఉప్పల్ నుంచి ఒక సిస్టర్.

కాలర్: ప్రైజ్ ది లార్డ్ అండి. నేను ఐసీయూలో నర్సుని. నెలలో రెండు ఆదివారాలు డ్యూటీ పడుతుంది. విశ్రాంతి దినాన్ని మీరుతున్నావని మా అత్తగారు అంటారు, జాబ్ మానెయ్యమంటున్నారు.

పాస్టర్: మానొద్దమ్మా. పద్దెనిమిదేళ్లు నడుం వంగిపోయిన స్త్రీని యేసు విశ్రాంతి దినాన యూదుల ప్రార్థన స్థలమైన సమాజమందిరంలోనే బాగుచేశాడు. పనిచేయడానికి ఆరు రోజులున్నాయి, ఆ రోజుల్లో రండి అని అక్కడి అధికారి కోప్పడ్డాడు. మీ ఎద్దును విప్పి నీళ్లకు తోలుకుపోరా అని ప్రభువు అడిగితే ఎదిరించినవాళ్లు సిగ్గుపడ్డారు. ఇక్కడ ఒక మాట, యూదులంటే రాతిగుండె మనుషులని మన ప్రసంగాల్లో చెప్పేస్తుంటారు, అది న్యాయం కాదు. ప్రాణం పోయేలా ఉంటే విశ్రాంతి దినం పక్కకు పెట్టాలని వాళ్ల గురువులే మిష్నా అనే తమ ధర్మ నియమాల గ్రంథంలో స్పష్టంగా రాసుకున్నారు. మీ అత్తగారితో వాదన పెట్టుకోకు. డ్యూటీ లేని ఆదివారం ఆవిడను నీ బండి మీద ఆరాధనకు తీసుకెళ్లు, డ్యూటీ ఉన్న వారం సాయంత్రం ఆరాధన ఎక్కడుందో చూసుకో. సికింద్రాబాద్ వైపు దొరుకుతుంది.

యాంకర్: ఇంకో కాల్ ఉంది, ముషీరాబాద్ నుంచి ఒక పెద్దాయన.

కాలర్: వందనాలు పాస్టర్ గారూ. నేను మా సంఘంలో ట్రెజరర్‌ని, చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఇందాక మీరు ఆ అబ్బాయికి చెప్పింది విన్నాను. బాగానే ఉంది, కానీ ఇట్లా చెబితే రేపు అందరూ ఏదో ఒక కష్టం చెప్పి తప్పుకుంటారు. మాది సగంలో ఆగిన స్లాబు, కాంట్రాక్టర్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. ధర్మశాస్త్రంలో ఒక పొల్లు కూడా తప్పిపోదని ప్రభువే అన్నాడు కదా?

పాస్టర్: అన్నాడు అన్నా, మత్తయి 5. అదే మత్తయి 23లో, పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి ఇచ్చేవాళ్లతో, న్యాయం, కనికరం, విశ్వాసం వదిలేశారే అన్నాడు. వీటిని చేయాలి, వాటినీ మానకూడదు అన్నాడు. పదో వంతు ఆపమనలేదు, నేనూ ఆపమనడం లేదు. ఆ అబ్బాయి పేరు మైకులో చదవడం ఏ వచనంలో ఉందో మాత్రం చెప్పండి.

కాలర్: అది... అన్ని చోట్లా చేస్తున్నదే కదా.

పాస్టర్: చేస్తున్నారు, అందుకే అడుగుతున్నా. బీద విధవరాలు రెండు కాసులు వేసిన మాట కానుకల టైంలో ప్రతిచోటా వింటాం. మార్కు 12 తీసి దానికి సరిగ్గా పైన ఉన్న వచనం చూడండి, విధవరాళ్ల ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి ప్రభువు హెచ్చరిస్తాడు. ఆ రెండూ మార్కు పక్కపక్కనే పెట్టాడు. మనం కిందిది చదివి పైది వదిలేస్తున్నాం. మీరు మంచి మనసుతోనే డబ్బు లెక్క చూస్తున్నారని నాకు నమ్మకం ఉంది. ఎగ్గొట్టేవాడెవడో, కట్టలేనివాడెవడో ట్రెజరర్‌కు తెలియదా అన్నా?

కాలర్: తెలుస్తుంది. ఒకరిద్దరు తప్ప మిగతావాళ్లు నిజంగా కట్టలేనివాళ్లే.

పాస్టర్: అయితే కమిటీలో లేవీయకాండం 27:8 చదివించండి. యాజకుడు వెల తగ్గించాలి అని ఉంది కాబట్టి ఆ పని కమిటీదే, ఆ బీదవాడు వచ్చి బతిమాలుకోనక్కర్లేదు. మీరే ఆ ఇళ్లకు వెళ్లి కార్డు మీద అంకె మార్చి రండి.

కాలర్: కాంట్రాక్టర్‌కి ఏం చెప్పాలి మరి?

పాస్టర్: స్లాబు ఆర్నెల్లు ఆగుతుందని చెప్పండి. రేకుల కింద ఆరాధన చేసుకున్న సంఘాలు ఈ ఊళ్లో ఎన్ని లేవు?

కాలర్: ఒప్పుకుంటారని గ్యారంటీ ఇవ్వలేను. వచ్చే ఆదివారం మీటింగ్ ఉంది, చదువుతాను.

పాస్టర్: చదవండి అన్నా. పేర్ల లిస్టు మాత్రం ఈ వారం నుంచే ఆపేయండి, దానికి మీటింగ్ అక్కర్లేదు.