గంప మొత్తం కొంటేనే బేనీషా

ఆకాశవాణి తిరుపతి కేంద్రం శ్రోతలకు నమస్కారం.

వ్యాపారంలో పెద్దవాడు కావడం నేరం కాదు. ఎదిగిన బలంతో వెనుక వచ్చేవాడికి దారి మూసివేయడమే నేరం. 2002 నాటి పోటీ చట్టంలోని నాలుగవ సెక్షన్ సారం ఇది.

దామలచెరువు మామిడి మండీలో బేనీషా సరుకంతా ఒక్క వ్యాపారి చేతిలోనే ఉందని ఊహించుకోండి. తిరుపతిలో పండ్ల కొట్టు పెట్టుకున్న మనిషికి బేనీషా లేనిదే బేరం సాగదు. "బేనీషా కావాలంటే నా మిగతా రకాలన్నీ తీసుకోవాలి, వాటిని ముందు వరుసలో పేర్చాలి" అని ఆ వ్యాపారి షరతు పెడితే, చిన్న రైతు తెచ్చిన మల్లికా ఎంత తియ్యనిదైనా దానికి ముందు వరుసలో చోటెక్కడిది?

గూగుల్‌పై ఢిల్లీలోని పోటీ కమిషన్ విచారించిన వ్యవహారం దాదాపు ఇలాంటిదే. అక్కడ బేనీషా ప్లే స్టోర్. అది లేని ఆండ్రాయిడ్ ఫోను మన దేశంలో అమ్ముడుపోవడం కష్టం. అది కావాలంటే సెర్చ్, క్రోమ్, యూట్యూబ్ వంటి యాప్‌ల కట్ట మొత్తాన్ని ముందుగానే ఫోనులో ఎక్కించాలని తయారీదారులతో ఒప్పందం ఉండేది. ఒప్పందం ఇష్టపూర్వకమేనని సంస్థ వాదించింది. కాదంటే ఫోను అమ్ముడుపోని చోట ఇష్టం అనే మాటకు విలువ ఎంత? నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యంగా తోచే ప్రశ్న ఇదే. 2022 అక్టోబర్ 20న కమిషన్ 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. మరుసటి మార్చిలో అప్పీలేట్ ట్రిబ్యునల్, జరిమానాతో పాటు కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో నాలుగింటిని కొట్టివేసినా, జరిమానాను నిలబెట్టింది.

ఈ ఫిర్యాదు చేసినవారు పోటీ కంపెనీలవారు కారు, ఆండ్రాయిడ్ ఫోను వాడే మామూలు వినియోగదారులు. నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా కమిషన్‌కు సమాచారం ఇవ్వవచ్చు. అయితే 2023 సవరణ తరువాత, వివాదానికి కారణమైన సంగతి జరిగిన మూడేళ్ళలోగా రావాలన్న గడువు ఏర్పడింది. మన బజారులో షరతులు ఎక్కువగా నోటిమాటగానే నడుస్తాయి. కాబట్టి "మా సరుకు తప్ప వేరేది పెట్టకూడదు" అని ఏ పెద్ద సరఫరాదారు అన్నా, దానిని రాసి ఇమ్మని అడగండి. రాసి ఇవ్వకపోతే, ఆ షరతు చెప్పిన తేదీని, వచ్చిన మెసేజీలను, బిల్లులను ఒకచోట భద్రపరచుకోండి.