హైదరాబాదు నుంచి విశాఖకు గంటంపావు: ఆ సమయంలో ఏమేం కలిసి ఉన్నాయి?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. హైదరాబాదు, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 510 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ 320 విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా వేగంతో ఎగురుతుంది కాబట్టి, లెక్క ప్రకారం నలభై నిమిషాల్లోపే చేరాలి. టికెట్టు మీద మాత్రం గంటంపావుకు అటూ ఇటూగా ఉంటుంది. సార్, మీరు విమానాశ్రయంలో చాలా కాలం పనిచేశారు. మిగతా సమయం ఎటు పోతోంది?

అతిథి: టికెట్టు మీద రాసేది గాల్లో ఉండే సమయం ఒక్కటే కాదమ్మా. శంషాబాద్‌లో విమానం నిలిచిన చోటి నుంచి కదిలింది మొదలు, విశాఖలో ఆగి చక్రాలకు దిమ్మలు పెట్టేదాకా లెక్కిస్తారు. విమానాన్ని ట్రాక్టరు వెనక్కి నెట్టడం, ఇంజన్లు స్టార్ట్ చేయడం, రన్‌వేకు చేర్చే దారి అయిన టాక్సీవే మీద నెమ్మదిగా వెళ్లి వరుసలో తన వంతు కోసం ఆగడం, ఇవన్నీ అందులోనే ఉంటాయి.

వ్యాఖ్యాత: గాల్లోకి లేచాక పూర్తి వేగం అందుకుంటుంది కదా?

అతిథి: ఇంత చిన్న దూరంలో ఆ వేగంతో వెళ్లేది కొద్దిసేపే. సాధారణంగా పదివేల అడుగుల లోపు గంటకు 460 కిలోమీటర్ల వేగం దాటకూడదు. పైకెక్కడానికి దాదాపు రెండు వందల కిలోమీటర్లు, దిగడానికి దాదాపు మరో రెండు వందలు పోతాయి కాబట్టి, సమతలంగా సాగేది వంద కిలోమీటర్ల పైచిలుకే. మ్యాపులో నేరుగా గీత గీస్తే అది పాపికొండలకు దగ్గరగా వెళుతుంది. విమానం ఆ ప్రాంతాన్ని దాటిన కాసేపటికే దిగడం మొదలుపెడుతుంది. అదే ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం ఏటీఆర్ అయితే దాని వేగమే గంటకు 500 కిలోమీటర్లు కాబట్టి ఇంకొంత సమయం పడుతుంది.

వ్యాఖ్యాత: విశాఖలో దిగేటప్పుడు వేరే ఇబ్బందులు ఉంటాయా?

అతిథి: ఉంటాయి. అక్కడి రన్‌వే నౌకాదళానికి చెందిన వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాది. పౌర విమానాలు వాళ్ల కార్యకలాపాలకు తగ్గట్టుగా వేళలు సర్దుకోవాలి. చుట్టూ కొండలు ఉండటం వల్ల గాలి మారినా అనుకున్న దిశ నుంచి దిగడం అన్నిసార్లూ సులువు కాదు.

వ్యాఖ్యాత: అయితే రైలుతో ఎలా పోల్చుకోవాలి? 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్ వందే భారత్ విజయవాడ మీదుగా సుమారు 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో వెళుతుంది.

అతిథి: ఇంటి నుంచి ఇంటికి లెక్కేయాలి. సికింద్రాబాద్‌లో ఉండేవారు శంషాబాద్ చేరడానికే గంటన్నర పట్టవచ్చు, చెక్-ఇన్ కౌంటరు గంట ముందే మూసేస్తారు, దిగాక సామాను కోసం ఆగాలి. అన్నీ కలిపితే విమాన ప్రయాణం ఐదు గంటల దగ్గర తేలుతుంది. అయినా రైలు కంటే త్వరగానే చేరుస్తుంది. కానీ ఏడు గంటలు మిగులుతాయనుకుని ఎక్కువ డబ్బు పెట్టేవారికి నిజానికి మిగిలేది మూడు, నాలుగు గంటలే అని నేను గట్టిగా చెబుతాను.

వ్యాఖ్యాత: విశాఖ విమానాలు భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారినప్పుడు ఈ లెక్క మారుతుందా?

అతిథి: ఒక్కొక్కరికి ఒక్కోలా మారుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు సమయం కలిసొస్తుంది. గాజువాక వాళ్లకు ఇప్పుడు విమానాశ్రయం పక్కనే ఉంది. అప్పుడు వాళ్లు నగరం దాటి నలభై కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. గాల్లో సమయం పెద్దగా మారకపోయినా, వాళ్లకు ఇంటికి చేరే సమయం గంటకు పైగా పెరగవచ్చు.