‘జి’ అని సంతకం పెట్టిన ఉత్తరాలు

శ్రోతలకు నమస్కారం.

సైన్యంలో ఉంటూ, ఇంకో మగవాడిని ప్రేమించి, ఆ సంగతి తోటి జవాన్లకీ పై అధికారికీ కన్నతల్లికీ తెలియకుండా దాచుకునే వాళ్ల గురించి ఈ పూట మాట్లాడతాను. విషయం వినగానే రేడియో కట్టేయబోయే వాళ్లుంటారు. కాసేపు ఆగండి. నేను చెప్పేది చట్టం గురించి తక్కువ, ఉత్తరాల గురించి ఎక్కువ. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన వాడిని, నాకు బాగా తెలిసినవి ఉత్తరాలే.

గోదావరి జిల్లాల్లో పోస్టాఫీసు ఉద్యోగం చేసిన ఎవరికైనా మిలిటరీ ఉత్తరం కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, దాన్ని అందరూ మిలిటరీ మాధవరం అనే అంటారు. తాత సైనికుడు, తండ్రి సైనికుడు, కొడుకూ సైనికుడే. అంత కాకపోయినా మా లంక ఊళ్ల నుంచీ వెళ్లినవాళ్లున్నారు. వాళ్ల అడ్రసులో ఊరి పేరుండదు. నంబరు, పేరు, యూనిట్, దాని కింద 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఉంటుంది. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. 99 అయితే తూర్పు వైపని మాకు తెలుసు, అంతకు మించి మాకూ తెలియదు.

అలాంటి ఇన్‌లాండ్ లెటరు వస్తే చదువుకునేది ఒక్కరు కాదు. తల్లికి చదువు రాకపోతే అరుగు మీద కూర్చుని పోస్ట్‌మ్యానే చదివి వినిపించాలి. పక్కింటావిడ వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడుతుంది. ఆవిడ వెనకాల పిల్లలు. క్షేమ సమాచారాలన్నీ ఓపిగ్గా విని, చివర్లో "పెళ్లి మాటేవన్నా రాశాడా బాబూ?" అని అడిగేవారు. లేదండీ అంటే ముఖం చిన్నబోయేది. తిరుగు టపాలో పిల్ల ఫోటో, జాతకం నకలు వెళ్లేవి. కుర్రాడికి సెలవు దొరికితే ఆ సెలవులోనే పెళ్లిచూపులు, తాంబూలాలు, ముహూర్తం, అన్నీ అయిపోవాలి. ఆయ్, మరి మళ్లీ సెలవెప్పుడో!

సెలవు మీద వచ్చినవాళ్లలో కొందరు నేరుగా పోస్టాఫీసుకొచ్చి, "మాస్టారూ, నా పేరు మీద ఏదన్నా వస్తే ఇంటికి పంపకండి, నేనే వచ్చి తీసుకుంటాను" అనేవారు. ఎందుకని అడగలేదు. అప్పుల గొడవ కావచ్చు, వేరే ఊళ్లో అమ్మాయి కావచ్చు, మరొకటి కావచ్చు. కవరులో ఏముందో ఊహించడం మా ఉద్యోగం కాదు. ఊహించినా బయటపెట్టడం అసలే కాదు. అందుకని మన ఊళ్ల కథ ఏదీ ఈ రోజు చెప్పను. మ్యూజియంలోకి చేరి, లోకమంతా చదివిన ఉత్తరాల కథ ఒకటుంది. నాకు చాలా ఇష్టమైన కథ. అది చెబుతాను.

గిల్బర్ట్ బ్రాడ్లీ అని ఇంగ్లండు కుర్రాడు. 1938లో డెవన్ అనే చోట, మన కోనసీమ దిండిలో తిరిగే హౌస్‌బోటు లాంటి పడవ మీద సెలవులు గడపడానికి వెళ్లాడు. అక్కడ కలిశాడు గోర్డన్ బౌషర్. గోర్డన్‌ది కలిగినవాళ్ల ఇల్లు. తండ్రికి ఓడల కంపెనీ ఉంది, కుటుంబానికి టీ తోటలున్నాయి. ఏడాది తిరిగేసరికి యుద్ధం వచ్చిపడింది. గిల్బర్ట్‌కి సైన్యంలో చేరాలని ఏ కోశానా లేదు. మూర్ఛ రోగం ఉందని నాటకమాడాడు. నాటకం పారలేదు. ఆస్వెస్ట్రీ అనే ఊరి దగ్గర పార్క్ హాల్ క్యాంపుకి పంపి, శత్రు విమానాలను కూల్చే ఫిరంగుల మీద శిక్షణ ఇచ్చారు. గోర్డన్ పదాతి దళంలో చేరి ఊరూరా తిరిగాడు. ఒకరినొకరు చూసుకోవడం గగనమైపోయింది. ఇక మిగిలింది పోస్టు.

గోర్డన్ రాసేవాడు. విడవకుండా రాసేవాడు. యుద్ధానికి ముందే మొదలైన ఉత్తరాలవి. ఒకదాంట్లో అంటాడు కదా: రాత్రంతా నిద్ర పట్టక పొద్దున్నే వచ్చే పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూస్తూ పడుకుంటాను, అతను నీ దగ్గర్నుంచి ఏమీ తేకపోతే ఇక ఆ రోజు ఊరికే ప్రాణంతో ఉన్నానంటే ఉన్నాను, నరాలన్నీ పీక్కుపోతూ ఉంటాయి అని. ఈ మాట చదివి నేను చాలాసేపు ముందుకు కదల్లేకపోయాను. సైకిల్ బెల్లు వినగానే గుమ్మంలోకొచ్చి, మనం తల అడ్డంగా ఊపగానే లోపలికెళ్లిపోయే ముఖాలు చూసినవాడిని మరి. ఆ ముఖాల్లో భార్యలున్నారు, తల్లులున్నారు. ఇలాంటివాళ్లూ ఉండే ఉంటారని ఉద్యోగంలో ఉన్నంతకాలం నాకు తట్టలేదు.

1940 ఫిబ్రవరిలో ఇంకో ఉత్తరం. నువ్వు ఎప్పుడూ నా దగ్గరే ఉండాలి, ఇంతకు మించి నాకేమీ వద్దు అని మొదలుపెట్టి, మీ అమ్మా నాన్నా ఏమంటారో నేను ఊహించుకోగలను అంటాడు. మన ప్రేమ ఎలాంటిదో లోకానికి తెలియదు, అసలు అది ప్రేమ అనే వాళ్లకి తెలియదు అంటాడు. చూశారా, యుద్ధం జరుగుతోంది, అయినా అతని టెన్షనంతా అవతలివాడి అమ్మానాన్నల గురించి!

ఇంత రాసి కింద పూర్తి పేరు పెట్టడు. ‘జి’ అని ఒక్క అక్షరం. అంతే.

ఎందుకంటే ఆ రోజుల్లో అది బ్రిటన్‌లో నేరం. సైన్యంలో అయితే కోర్టు మార్షల్, అంటే మిలిటరీ కోర్టులో విచారణ. గిల్బర్ట్‌కి తెలిసినవాడే, సర్ పాల్ లేథమ్ అని పార్లమెంటు సభ్యుడు, సైన్యంలో అధికారి. 1941లో కోర్టు మార్షల్ చేసి జైల్లో పెట్టారు. ఆయన్ని పట్టించింది ఎవరనుకున్నారు? ఉత్తరాలే. అలాంటి కాలంలో గోర్డన్ ఒకసారి ఇలా రాశాడు: నా కోసం ఒక్క పని చెయ్యి, ఆషామాషీగా అడగటం లేదు, నా ఉత్తరాలన్నీ నాశనం చేసెయ్ అని.

గిల్బర్ట్ చెయ్యలేదు. ఒక్కటి కూడా పారేయకూడదని అనుకున్నట్టున్నాడు, 600కి పైగా దాచాడు. ఆ కట్టల్లోనే ఇంకో మాట కూడా ఉంది. ఈ ఉత్తరాలన్నీ ఎప్పుడో ఒక మంచి కాలంలో, జనానికి తెలివిడి వచ్చిన కాలంలో అచ్చయితే ఎంత బాగుంటుంది, మనం ఒకరినొకరు ఎంత ప్రేమించుకున్నామో లోకమంతా చూస్తుంది అని. తగలబెట్టమన్నదీ అచ్చెయ్యమన్నదీ ఒకే ప్రేమ. నాకైతే రెండూ నిజమేననిపిస్తుంది.

1945లో ఇద్దరి దారులూ వేరయ్యాయి. గోర్డన్ కాలిఫోర్నియా వెళ్లి గుర్రాలకు శిక్షణ ఇవ్వడంలో పేరు తెచ్చుకున్నాడు. గిల్బర్ట్ బ్రైటన్‌లో స్థిరపడి 2008లో పోయాడు. అప్పుడు బయటపడ్డాయి ఉత్తరాలు. ‘జి’ అని సంతకం ఉంటే చూసినవాళ్లు ఎవరో ప్రియురాలు అనుకున్నారు. ఆస్వెస్ట్రీ మ్యూజియం చూసుకునే మార్క్ హిగ్నెట్ అనే ఆయన, తమ ఊరి క్యాంపు చరిత్రకు పనికొస్తాయని ఇంటర్నెట్లో అమ్మకానికి పెట్టిన మూడు ఉత్తరాలు కొన్నాడు. చదువుతూ చదువుతూ ‘జి’ అంటే ఒక మగవాడని గ్రహించాడు. ఇక ఆగలేక, దొరికినవన్నీ డబ్బుపోసి కొన్నాడు. 2017లో లోకానికి తెలిసింది. ఆ పేరు బయటికి రావడానికి అన్నేళ్లు పట్టింది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇంగ్లండు, వేల్స్‌లలో 1967లో మామూలు పౌరులకి నేరం కాకుండా పోయింది, కానీ సైన్యానికి ఆ సడలింపు ఇవ్వలేదు. ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లు, వాళ్లలో వైమానిక దళం నర్సు ఒకావిడ కూడా ఉంది, యూరప్ మానవ హక్కుల కోర్టుకెక్కి 1999లో గెలిచారు. 2000 జనవరిలో నిషేధం ఎత్తేశారు. 2023లో ప్రధానమంత్రి రిషి సునాక్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అమెరికాలో అయితే ‘మేం అడగం, మీరు చెప్పకండి’ అనే పద్ధతి ఒకటి పెట్టి, 2011 దాకా నడిపారు. చెప్పినవాళ్లు, చెప్పకుండా ఉన్నా ఎలాగోలా తెలిసిపోయినవాళ్లు, మొత్తం 13,000 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. అడగం అన్నవాళ్లే ఆరా తీశారన్నమాట.

మన దగ్గర? 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వకంగా ఉండే సంబంధం నేరం కాదంది. నాలుగు నెలలు దాటగానే, 2019 జనవరిలో, అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ విలేకరుల ముందు సైన్యంలో దీన్ని ఒప్పుకోమన్నారు. సైన్యానికి 1950 నాటి ఆర్మీ చట్టం వేరే ఉంది. దాంట్లో 45వ సెక్షన్ అధికారి హోదాకు తగని ప్రవర్తన గురించి. 46వ సెక్షన్ అసభ్యమైన, అసహజమైన ప్రవర్తన అంటూ ఏడేళ్ల దాకా జైలు అంటుంది. ఒక మేజర్ 2010లో ఉద్యోగం వదిలి వచ్చి, 2020లో తాను గే అని అందరికీ చెప్పారు. ఆయన కథ ఆధారంగా ఒక దర్శకుడు సినిమా తీస్తానంటే 2022లో రక్షణ శాఖ అనుమతివ్వలేదు. క్రమశిక్షణ కోసం అంటారు. బ్రిటన్ సైన్యం 2000 తర్వాత క్రమశిక్షణ లేకుండా పోయిందని నేనైతే వినలేదు.

కాబట్టి మన డెల్టా నుంచి వెళ్లిన కుర్రాడు ఇప్పటికీ దాస్తూనే ఉంటాడు. ఇన్‌లాండ్ లెటరు బదులు వాట్సాప్, ‘జి’ బదులు ఫోన్లో ఇంకేదో పేరు. తోటివాళ్లు భార్యాపిల్లల ఫోటోలు చూపించుకుంటుంటే అతను లేని మరదలి గురించి కథ అల్లాలి. ఇంటికొస్తే అమ్మ ఫోటోలు ముందు పెడుతుంది. ఇక్కడ నాదొక మాట. వద్దు అన్న కొడుకుని ఒప్పించి పెళ్లి చేస్తే, అతని ఒక్కడి బతుకే కాదు, ఏ పాపం ఎరగని ఆడపిల్ల బతుకు కూడా మనమే పాడు చేసినట్టు. వద్దంటే ఆగండి. ఎందుకని గుచ్చి గుచ్చి అడక్కండి.

ఈ దాపరికంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఒకటుంది. మన దేశంలో టెలిగ్రామ్ 2013 జులైలో ఆగిపోయింది. అప్పటిదాకా చెడ్డ కబురంటే టెలిగ్రామే. సైన్యం నుంచి వచ్చే టెలిగ్రామ్, ఆ జవాను సైన్యానికి నింపి ఇచ్చిన కాగితంలో ఎవరి పేరు రాసి ఉంటే వాళ్లకే వెళ్లేది. తండ్రి పేరు రాశాడా, తండ్రికే. భార్య పేరు రాశాడా, భార్యకే. కాగితంలో పేరు లేని మనిషికి టెలిగ్రామ్ వెళ్లేది కాదు. ఇప్పుడు ఫోన్ వస్తుంది, కానీ అదీ కాగితంలో ఉన్న నంబరుకే. కాగితంలో పేరు లేని మనిషి ఆ వార్తని టీవీలో చూడాలి, లేకపోతే ఫోన్ ఎందుకు మోగడం లేదా అని రోజుల తరబడి కూర్చోవాలి. ఏడ్చినా ఎందుకు ఏడుస్తున్నావని అడుగుతారు.

అందుకని ఈ ప్రసంగంలో పనికొచ్చే ముక్క ఒకటి చెప్పి వదిలేస్తాను. కాగితం. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని నేను నింపించిన నామినేషన్ ఫారాలకు లెక్కలేదు. పేరు, అడ్రసు దగ్గర జనం గబగబా రాసేస్తారు. సంబంధం అనే గడి దగ్గరికొచ్చేసరికి కొందరి పెన్ను ఆగిపోతుంది. ఆ గడి చూసి భయపడకండి. పోస్టాఫీసు ఖాతాకి నామినీగా రక్తసంబంధీకులే ఉండాలని లేదు. స్నేహితుడు అని రాయండి, చాలు. బ్యాంకుల విషయంలో కూడా 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టంగా చెప్పింది: ఇలాంటి జంటలు ఉమ్మడి ఖాతా తెరుచుకోవచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు, అడ్డు లేదు అని.

అయితే నామినీ అంటే డబ్బు చేతికి అందుకునేవాడే. తర్వాత వారసులొచ్చి మాది అంటే తగాదా అవుతుంది. అందుకే వీలునామా కూడా రాయాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీరు సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు పెట్టాలి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో ఆ మనిషిని సాక్షిగా పెట్టకపోతే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకుంటే రేపు ఎవరూ కాదనడానికి అంత సులువుగా ఉండదు. సాధారణంగా మీ సొంత సంపాదన మీ ఇష్టమొచ్చిన వాళ్లకు రాసుకోవచ్చు. సైన్యం ఇచ్చే ఫ్యామిలీ పెన్షన్ మాత్రం వీలునామాతో రాదు, రూల్స్ ఎవరిని కుటుంబం అంటాయో వాళ్లకే వెళ్తుంది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకు పెళ్లి హక్కు లేదంది కాబట్టి ఆ తలుపు ప్రస్తుతానికి మూసే ఉంది.

రాసిన కాగితం ఎక్కడ పెట్టారో ఆ మనిషికి చెప్పండి. బీరువాలో పెట్టి తాళం అమ్మకిస్తే ఏం లాభం? నామినీ పేరు మార్చాలన్నా కొత్తగా పెట్టాలన్నా ఫారం కౌంటర్లోనే ఇస్తారు, పాస్‌బుక్కు వెంట తీసుకెళ్లండి. కౌంటరు వెనక కూర్చున్నవాళ్లకి కూడా నాదొక మనవి: స్నేహితుడు అని రాసి ఉంటే స్టాంపు వేసి రసీదు ఇచ్చి పంపండి, ఎవరండీ ఈయన అని అడక్కండి.

సెలవు. నమస్కారం.