హెచ్‌ఎంటీ జనతా రివ్యూ: పేరులో గడియారం లేని సంస్థ చేసిన గడియారం

నమస్కారం. మాటలకు ముందు ఈ చప్పుడు వినండి. మైకుకు దగ్గరగా పెడుతున్నాను.

విన్నారు కదా? సెకనుకు ఐదు టిక్కులు. లోపల బ్యాటరీ లేదు. పొద్దున నేను ఇచ్చిన కీ బలం మీదే నడుస్తోంది. ఇది హెచ్‌ఎంటీ జనతా. మా నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతంలో కొంత దాచుకుని కొనుక్కున్న వాచీ. ఆయన పెట్టుకోవడం మానేశాక ఏళ్ళ తరబడి బీరువాలో బట్టల మడతల మధ్య ఉండిపోయింది. పోయిన నెల మా ఊళ్ళో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వెనక మూత తీసి, కంటికి భూతద్దం తగిలించుకుని కాసేపు చూసి, "దీనికేమీ కాలేదు బాబూ, నూనె ఎండిపోయింది, అంతే" అన్నారు. శుభ్రం చేసి మూడో రోజు చేతిలో పెట్టారు.

ముందు వాచీ సంగతి చెబుతాను. తెల్లని డయలు, మూడు ముళ్ళు, అంకెలు. తేదీ లేదు, వారం లేదు. ఇప్పటి వాచీల పక్కన పెడితే చిన్నగా కనిపిస్తుంది, కానీ సన్నని మణికట్టుకు ఇదే అందం. డయలు మీద "17 జ్యువెల్స్" అని ఉంటుంది. లోపలి చక్రాల ఇరుసులు అరిగిపోకుండా వాటి కింద కూర్చోబెట్టే కృత్రిమ కెంపులు అవి. కీ తిప్పుతుంటే వేలికి సన్నగా పళ్ళు తగులుతాయి, కాసేపటికి బిగుస్తుంది, అక్కడ ఆపేయాలి. వారం రోజులు ఫోనుతో సరిచూశాను. రోజుకు అర నిమిషానికి మించి తేడా రాలేదు. ఇన్నేళ్ళ యంత్రానికి అది చాలా గొప్ప సంగతి.

వాచీ గురించి చెప్పాల్సింది ఇంతే. అసలు నేను ఈ వీడియో చేస్తున్నది దీన్ని చేసిన సంస్థ కోసం. ఇంత మంచి వస్తువు చేసిన వాళ్ళు ఎందుకు నిలవలేకపోయారు? "ప్రభుత్వ సంస్థ కదా, అలాగే ఉంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ జవాబు నాకు ఎప్పుడూ సరిపోలేదు.

హెచ్‌ఎంటీ అంటే హిందుస్థాన్ మెషీన్ టూల్స్. పేరులో గడియారం మాటే లేదు. 1953లో బెంగళూరులో, స్విట్జర్లాండ్‌కు చెందిన ఓర్లికాన్ సంస్థ సాంకేతిక సహకారంతో, యంత్రాలను తయారుచేసే యంత్రాల కోసం పెట్టిన సంస్థ. కొత్తగా స్వతంత్రమైన దేశానికి ముందు లేత్‌లు కావాలి, మిల్లింగ్ యంత్రాలు కావాలి. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో వాచీల తయారీ మొదలైంది. తొలి వాచీలను విడుదల చేసింది నెహ్రూ. అంటే ఈ వాచీ పుట్టింది అంగడి కోసం కాదు, దేశం కోసం. ఆ తేడాను గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

అప్పటి బయటి గాలి ఎలాంటిది? విదేశీ మారకం కరువు. దిగుమతుల మీద గట్టి ఆంక్షలు. విదేశీ వాచీ కావాలంటే ఎవరైనా బంధువు తేవాలి, లేదా దొంగచాటుగా వచ్చినది కొనాలి. ఏ సంస్థ ఎంత ఉత్పత్తి చేయాలో లైసెన్సు చెప్పేది. ఆ గాలిలో హెచ్‌ఎంటీ ఎన్ని వాచీలు చేస్తే అన్నీ అమ్ముడయ్యేవి. మన ఇళ్ళలో పదో తరగతి పాసైన పిల్లవాడికి వాచీ, పెళ్ళిలో అల్లుడికి వాచీ, పదవీ విరమణ నాడు వాచీ. అప్పట్లో కాంచన్ అనే హెచ్‌ఎంటీ ఆటోమేటిక్ వాచీ చేతికి ఉంటే పెళ్ళిలో పదిమంది కళ్ళు దాని మీదే ఉండేవని మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

ఇప్పుడు లోపలికి వెళదాం. చేసినదంతా అమ్ముడైపోయే చోట పనిచేసే మనిషి ఏం నేర్చుకుంటాడు? ముల్లు సరిగ్గా నడిచేలా చేయడం నేర్చుకుంటాడు. పడినా పగలకుండా చేయడం నేర్చుకుంటాడు. అంధుల కోసం బ్రెయిలీ వాచీ చేసి గర్వపడతాడు, పడాలి కూడా. బెంగళూరు ఫ్యాక్టరీలో వాచీ భాగాలు కూర్చే పనిలో ఆడవాళ్ళు ఎందరో ఉండేవారు. ఫ్యాక్టరీ చుట్టూ ఇళ్ళు, బడి, ఆసుపత్రి, సినిమా హాలు. అది బద్ధకస్తుల సంస్కృతి కానే కాదు. ఇంజినీరు గర్వం మీద నిలిచిన సంస్కృతి. అయితే ఒక్క పని మాత్రం నేర్చుకునే అవకాశం దానికి రాలేదు. కొనేవాడు వాచీని చేతికి పెట్టుకుని అద్దంలో చూసుకుంటాడే, అప్పుడు అతని మొహంలో ఏముందో చూడటం.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. బయటి వాతావరణం వేరు, లోపలి సంస్కృతి వేరు అని మనం రెండు పెట్టెల్లో పెట్టి మాట్లాడతాం. కానీ ఆ లోపలి అలవాట్లు ఎక్కడివి? ముప్పై ఏళ్ళు వీచిన ఆ పాత గాలి లోపలికొచ్చి గడ్డకట్టినవే. బయట గాలి మారడానికి ఒక్క బడ్జెట్ చాలు. లోపల గడ్డకట్టినది కరగడానికి మాత్రం ఒక తరం పడుతుంది.

ఆ కొత్త గాలి పేరు క్వార్ట్జ్, అంటే బ్యాటరీ బలంతో కంపించే చిన్న స్ఫటికాన్ని బట్టి సమయం లెక్కించే వాచీ. 1969 డిసెంబరులో జపాన్‌లో సీకో సంస్థ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. కీ అక్కర్లేదు, తేడా నెలకు కొన్ని సెకన్లే. చాలామందికి తెలియని ఒక మాట చెబుతాను. హెచ్‌ఎంటీకి క్వార్ట్జ్ తెలియక కాదు. టైటాన్ రాకముందే హెచ్‌ఎంటీ మన దేశంలో క్వార్ట్జ్ వాచీలు చేసింది. సాంకేతికత చేతిలో ఉంది, మనసు మాత్రం కీ వాచీ మీదే ఉంది.

స్విట్జర్లాండ్‌లో జరిగింది కూడా అచ్చం ఇదే. న్యూషాటెల్‌లోని ప్రయోగశాలలో 1967 నాటికే క్వార్ట్జ్ చేతి వాచీ నమూనాలు తయారయ్యాయి. అయినా అక్కడి కంపెనీలు చక్రాలు, స్ప్రింగుల పనితనమే అసలైన గడియారం అనుకుంటూ ఉండిపోయాయి. 1970లో సుమారు 90 వేల మంది ఉన్న ఆ పరిశ్రమలో 1980ల మధ్యకు మిగిలింది ముప్పై వేల చిల్లర మంది. అక్కడి కంపెనీలు ప్రధానంగా ప్రైవేటువే. అందుకే ప్రభుత్వం, ప్రైవేటు అన్న గీత గీసి ఊరుకోవడం నాకు నచ్చదు. వాళ్ళు తేరుకున్నది 1983లో స్వాచ్ వచ్చాక. తక్కువ భాగాలు, ప్లాస్టిక్ ఒళ్ళు, రంగురంగుల పట్టీలు. నిన్నటిదాకా ఏది చిన్నతనం అనుకున్నారో దాన్నే చేశారు.

మన దగ్గర ఆ పని టైటాన్ చేసింది. 1984లో టాటాలూ, తమిళనాడు ప్రభుత్వానికి చెందిన టిడ్కో సంస్థా కలిసి పెట్టిన కంపెనీ అది. చూశారా, ఇందులోనూ ప్రభుత్వ వాటా ఉంది! ఫ్యాక్టరీ హోసూరులో, హెచ్‌ఎంటీ ఉన్న బెంగళూరుకు 40 కిలోమీటర్ల దూరంలో. అదే నేల, అవే చట్టాలు, అదే కొనుగోలుదారు. కానీ జెర్‌క్సెస్ దేశాయ్ నడిపిన ఆ సంస్థ మొదటి రోజు నుంచే క్వార్ట్జ్ మీద నిలబడింది. వాచీని సమయం చూసుకునే పనిముట్టుగా కాక నగగా, కానుకగా చూసింది. 1987 నుంచి సొంత దుకాణాలు తెరిచి, గాజు అరల్లో దీపాల వెలుగులో వరసగా పేర్చింది. దానికి కరిగించుకోవాల్సిన పాత అలవాటు ఏదీ లేదు, కొత్తగా పుట్టినవాళ్ళకు ఉండే సౌకర్యం అది. ఆ మాట దాచడం హెచ్‌ఎంటీకి అన్యాయం.

హెచ్‌ఎంటీ కాళ్ళకు ఇంకో బరువు కూడా ఉంది. ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్నది లాభం ఒక్కటే చూసి తేల్చే ప్రశ్న కాదు. శ్రీనగర్‌లో పెట్టారు, తుమకూరులో పెట్టారు, ఇప్పటి ఉత్తరాఖండ్ కొండల అంచున రాణీబాగ్‌లో పెట్టారు. ఆ ఊళ్ళకు ఉద్యోగాలు ఇవ్వడం కూడా దాని బాధ్యతే. ఆ బాధ్యతను నేను తప్పుపట్టను. కానీ 1991 తర్వాత పోటీ తెరుచుకున్నప్పుడు, పరుగు పందెంలో ఒకరి భుజాన మూట ఉండి, ఇంకొకరి భుజాన లేకపోతే ఏమవుతుందో అదే అయింది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచెస్‌ను మూసేయాలని నిర్ణయించింది. అదే నిర్ణయంలో మన హైదరాబాద్ మౌలాలీలోని హెచ్‌ఎంటీ బేరింగ్స్ కూడా ఉంది. 2019లో బెంగళూరులో హెచ్‌ఎంటీ మ్యూజియం తెరిచారు. వీలైతే వెళ్ళి చూడండి.

పేరు మాత్రం మన వంటింట్లో ఉంది. మీరు తినే హెచ్‌ఎంటీ బియ్యానికి ఆ పేరు ఈ వాచీదే. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు ఆ వరిని ఎంచి పెంచారు. ఆ రోజుల్లో అందరి నోటా ఉన్న వాచీ పేరే దానికి వచ్చింది.

ఇక కొనాలనుకునేవారికి. పాత జనతాలు ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తాయి. నీలం, నారింజ రంగులు తళతళలాడుతూ ఉంటే జాగ్రత్త. ఎక్కువ భాగం పాత యంత్రానికి కొత్త డయలు వేసి అమ్ముతున్నవే. డయలు కాస్త పసుపెక్కి, అక్షరాలు సన్నగా, అంచులు తేటగా ఉన్నది వెతకండి. వెనక మూత తీసిన ఫోటో అడగండి, తుప్పు ఉంటే వద్దు. వానలో పెట్టుకోకండి. రోజూ ఒకే వేళకు కీ ఇవ్వండి. అన్నిటికంటే ముందు మీ ఇంట్లో బీరువా వెతకండి.

ఈ వీడియో చూస్తున్నవారిలో హైదరాబాద్ చింతల్‌లోనో మౌలాలీలోనో హెచ్‌ఎంటీలో పనిచేసినవారు ఉంటే, లేదా మీ అమ్మగారో నాన్నగారో పనిచేసి ఉంటే, కింద రాయండి. బయటి నుంచి చూసి నేను ఇంత చెప్పాను. పొద్దున సైరను మోగాక లోపల మాటలు ఎలా సాగేవి, కొత్త ఆలోచన చెప్పిన కుర్రవాడికి ఎలాంటి జవాబు వచ్చేది, అది మీరే చెప్పాలి.