గిన్నె ఖాళీగా పంపకూడదు

పెద్దలందరికీ నమస్కారం. ఈ బరంపురంలో మన వీధుల్లో శ్రావణ మాసమంతా వినిపించే రెండు మాటలతో మొదలుపెడతాను. "ఇస్తినమ్మా వాయనం" అంటుంది నోము పట్టినావిడ. "పుచ్చుకుంటినమ్మా వాయనం" అంటూ కొంగు పట్టి అందుకుంటుంది ముత్తయిదువ. చేతిలో పెడితే చాలదు, పుచ్చుకున్నానని నోటితో చెప్పాలి.

1925లో మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి పండితుడు కానుకల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఇవ్వాలి, ఇస్తే పుచ్చుకోవాలి, పుచ్చుకుంటే తిరిగి ఇవ్వాలి. పైకి ఇష్టంగానే ఇచ్చినట్టుంటుంది, తప్పించుకోవడానికి మాత్రం వీల్లేదు అన్నాడు. వాయనానికి పిలిస్తే వెళ్ళకపోవడం ఎంత దూరం పోతుందో ఇక్కడున్న ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ మూడోదే చిక్కు. తిరిగి ఎందుకివ్వాలి? న్యూజిలాండ్ మావోరీలు వస్తువులో 'హౌ' అనే ప్రాణం లాంటిది ఉంటుందని, అది మొదటి మనిషి దగ్గరికి తిరిగి వెళ్ళాలని చూస్తుందని చెప్పారు. మోస్ దాన్నే పట్టుకున్నాడు. ఆ తరవాత వచ్చిన మరో ఫ్రెంచి పండితుడు లెవీస్ట్రాస్ ఒప్పుకోలేదు. నాకైతే మా ఇంటి ఇత్తడి గిన్నె గుర్తొస్తుంది.

మా పక్కింట్లో ఒడియా కుటుంబం. ఆవిడని 'మావుసి' అనేవాళ్ళం. సంక్రాంతికి అమ్మ ఆ గిన్నెలో అరిసెలు పంపేది. రజో పండక్కి మావుసి దగ్గర్నుంచి పొడపిఠా, దానితో అరిసా పిఠా వచ్చేవి. అరిసా పిఠా అంటే మన అరిసే! అరిసె ఇచ్చి అరిసె తెచ్చుకోవడం ఏమిటని చిన్నప్పుడు అడిగాను. "గిన్నె ఖాళీగా పంపకూడదురా" అంది అమ్మ. పోనీ వెంటనే ఏదో ఒకటి వేసి పంపేద్దామన్నా ఒప్పుకునేది కాదు. "అప్పు తీర్చినట్టుంటుంది, కొన్నాళ్ళు పోనీ" అనేది. ఇచ్చినదానికీ తిరిగి ఇచ్చేదానికీ మధ్య గడిచే కాలమే కానుకని కానుకగా నిలబెడుతుందని పియర్ బోర్దియో అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త రాసింది చదివినప్పుడు నాకు అమ్మ మాటే వినిపించింది.

మాలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త 1922లో అచ్చువేసిన పుస్తకంలోనూ ఇలాంటిదే ఉంది. న్యూగినీకి తూర్పున ట్రోబ్రియాండ్ దీవులవాళ్ళు పడవలేసుకుని, ప్రాణాలకి తెగించి సముద్రం దాటేవారు. ఎర్ర గవ్వల హారాలు ఒకవైపు తిరిగితే తెల్ల గవ్వల కడియాలు ఎదురువైపు తిరిగేవి. ఎవరూ దేన్నీ శాశ్వతంగా ఉంచుకోరు. ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్ని 'కుల' అంటారు, అందులో బేరమాడడం తప్పు. బేరానికి వాళ్ళకి వేరే మాట ఉంది, 'గిమ్వాలి'. మావుసితో అమ్మ చేసింది కుల. బజారులో చేసింది గిమ్వాలి. రెండూ ఎప్పుడూ కలవనివ్వలేదు.

పెళ్ళి చదివింపుల్లో మనవాళ్ళు నూటపదహార్లు రాయిస్తారు, ఒడియా ఇళ్ళల్లో నూటొకటి. వంద దగ్గర ఆపరు. లెక్క సరిపోతే సంబంధం తెగిపోతుందనే భయం అందులో ఉందని నా నమ్మకం.

దానం దగ్గర మాత్రం మోస్ సూత్రం తడబడుతుంది. నువ్వుల దానం పట్టినవాళ్ళు దానికి బదులివ్వరు. ఇచ్చినవాళ్ళ పాపం, దోషం వస్తువుతో పాటు పోతాయని నమ్మకం, అందుకే పట్టడానికి జంకుతారు. ఉత్తరప్రదేశ్‌లో ఒక పల్లెలో ఉండి గ్లోరియా రహేజా అనే మానవ శాస్త్రవేత్త 1988లో ఇదే రాసింది. దానం వేరు, చదివింపు వేరు అని మన భాషకి ముందే తెలుసు.

కానుకలో చెడు లేదని నేననను. మన ఠాకురాణి యాత్రలో అమ్మవారు నేతవాళ్ళ పెద్ద అయిన దేశి బెహరా ఇంటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులా వస్తుంది. ఊరంతా ఆమెకి సారె పెట్టినంత సంబరపడతాం. అదే ఊళ్ళో ఆడపిల్ల పెళ్ళికి సారె సామాను లిస్టు ముందే వస్తుంది. ఆ లిస్టు చూసి రాత్రిళ్ళు నిద్రపట్టని తండ్రులు నాకు తెలుసు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం అడగకుండా ఇచ్చిన కానుకలని వదిలేసింది, జాబితా రాయాలని మాత్రం అంది. ఆ సందులోంచే కట్నం కానుక పేరు పెట్టుకుని లోపలికొస్తోంది. అడిగి పుచ్చుకునేదాన్ని కానుక అనొద్దని ఇక్కడి యువకుల్ని బతిమాలుకుంటున్నాను.

ఇప్పుడు పండగలకి మిఠాయి ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తోంది. డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదు, అందుకని ఎవరూ రెండోసారి గుమ్మం తొక్కరు. మా అమ్మ లేదు, మావుసి కూడా లేదు. ఇత్తడి గిన్నె మాత్రం ఉంది. పోయిన సంక్రాంతికి అరిసెలతో వెళ్ళింది, ప్రస్తుతం వాళ్ళ కోడలి దగ్గరుంది.