ఆటల పీరియడ్ ఎవరిది?

సభకు విచ్చేసిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయ మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

నేను ముప్పై ఏళ్లకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి ఉద్యోగ విరమణ చేశాను. ఆ కాలంలో జరిగినవాటిలో ఒక విషయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. నేను పనిచేసిన ఒక బడిలో పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడ్‌ను లెక్కలకో సైన్సుకో ఇమ్మని అడిగేవారు, నేను ఇచ్చేసేవాడిని. పదో తరగతి పిల్లలు సంక్రాంతి సెలవుల తరువాత మైదానంలో అడుగుపెట్టేవారే కాదు. అది వారి మేలు కోసమేనని అప్పట్లో నేనూ నమ్మాను. ఆ పీరియడ్ నాది కాదని, పిల్లలదని, దానిని ఇచ్చే హక్కు నాకు లేదని ఆలస్యంగా తెలుసుకున్నాను.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా గుండె వేగం పెరిగి ఒళ్లు చెమట పట్టేంతగా కదలాలని, వారంలో కనీసం మూడు రోజులు ఎముకలకు, కండరాలకు బలమిచ్చే పనులు అందులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ సంస్థ పరిశోధకులు 146 దేశాల బడిపిల్లల సమాచారాన్ని పరిశీలించినప్పుడు, 2016 నాటికి 11 నుంచి 17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి రోజుకు ఆ గంట కదలిక కూడా లేదని తేలింది.

ఈ వయసులోనే అంత పట్టుదల ఎందుకంటే, ముందుగా ఎముక గురించి చెప్పాలి. ఎముక ప్రాణమున్న కణజాలం. దాని మీద ఎక్కడ భారం పడితే, ఎక్కడ కుదుపు తగిలితే అక్కడ అది మరింత దట్టంగా పెరుగుతుంది. మనిషి జీవితం మొత్తంలో కూడబెట్టుకునే ఎముక పదార్థంలో దాదాపు 90 శాతం ఇరవై ఏళ్లలోపే చేరిపోతుంది. గాదె నిండేది అప్పుడే. నడివయసు దాటాక అందులోంచి తీసి వాడుకోవడమే మిగులుతుంది. అరవయ్యో ఏట స్నానాల గదిలో జారిపడిన అమ్మ తుంటి ఎముక నిలుస్తుందా, విరుగుతుందా అన్నది కొంతవరకు ఆమె పన్నెండో ఏట ఎంత గెంతిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మన పాత ఆటలను ఈ దృష్టితో చూస్తే నాకు ఆశ్చర్యం కలుగుతుంది. తొక్కుడుబిళ్లలో పిల్ల ఒంటికాలి మీద గడి నుంచి గడికి గెంతిన ప్రతిసారీ, ఆ కాలి ఎముక మీద ఒంటి బరువును మించిన భారం పడుతుంది. ఒప్పులకుప్పలో ఇద్దరు చేతులు పెనవేసి వెనక్కి వాలి గిర్రున తిరుగుతుంటే, చెవి లోపల శరీరపు నిలకడను కనిపెట్టే భాగానికి సాధన దొరుకుతుంది. చెడుగుడు కూతలో ఊపిరి బిగపట్టడం అలవడుతుంది. ఏడు పెంకులాటలో గురి చూడటమూ, బంతి తగలకుండా ఒళ్లు వంచడమూ ఒకే ఆటలో కలిసి వస్తాయి. కోస్తాలో బిళ్లంగోడు అన్నా, తెలంగాణలో చిర్రగోనె అన్నా, గాలిలోకి లేచిన చిన్న కర్రముక్కను కొట్టాలంటే కంటికి, చేతికి పొత్తు కుదరాలి. వీటికి రుసుము లేదు, కోచింగు లేదు; కాస్త ఖాళీ నేల, నలుగురు తోటిపిల్లలు ఉంటే చాలు. ఆ ఖాళీ నేలే ఇప్పుడు కరువైంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని స్పష్టంగా చెబుతున్నా, అపార్టుమెంటు అంతస్తుల్లో నడుస్తున్న బడులు మన పట్టణాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. పిల్లల్ని చేర్చేటప్పుడు ర్యాంకులు అడిగే మనం మైదానం ఎక్కడుందని అడగడం లేదు.

ఇక రక్తంలో చక్కెర సంగతి. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా రక్తంలోని గ్లూకోజును తీసుకోగలదు. 2016–18లో మన దేశమంతటా జరిపిన జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో సుమారు పదిమందికి ఒకరు మధుమేహానికి ముందు దశలో ఉన్నట్లు వెల్లడైంది. పగలంతా బెంచీ మీద, సాయంత్రం ట్యూషన్‌లో, రాత్రి స్టడీ అవర్‌లో కూర్చునే పిల్లవాడి కండరాలకు ఆ పనిచేసే అవకాశం ఎప్పుడు వస్తుంది?

కళ్లద్దాల గురించి కూడా ఒక మాట. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల ఒకటో తరగతి పిల్లలపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. రోజూ మరో 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనిపించే లోపం, రాగా, మామూలుగా ఉన్నవారిలో 39.5 శాతం మందికి వచ్చింది. ఆరుబయటి వెలుతురే ఇందుకు ముఖ్య కారణమని నిపుణుల భావన.

ఆడపిల్లల విషయంలో మన తప్పు మరింత పెద్దది. నేను ఇందాక చెప్పిన 81 శాతం, ఆడపిల్లల వరకే చూస్తే 85 అవుతుంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం గెలిచినప్పుడు పొంగిపోయిన మనమే, మన కూతురు పెద్దమనిషి కాగానే ఆట మాన్పించి ఇంట్లో కూర్చోబెడుతున్నాం. ఎముక గాదె వేగంగా నిండే సంవత్సరాలు సరిగ్గా అవే. అందరూ పతకాలు తేవాలని నేను అనడం లేదు. ఆటలో వెనకబడే పిల్లకు, బొద్దుగా ఉన్న పిల్లవాడికి ఆ గంట ఇంకా ఎక్కువ అవసరం. జట్టుకు ఎంపిక కాలేదని వారిని గట్టు మీద కూర్చోబెట్టిన రోజులు నా ఉద్యోగంలోనూ ఉన్నాయి, అందుకు చింతిస్తున్నాను.

ప్రధానోపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: ఈ ఏడాది పరీక్షల నెలలో కూడా ఆటల పీరియడ్‌ను కదిలించవద్దు. తల్లిదండ్రులారా, బడి నుంచి వచ్చిన పిల్లలను నేరుగా ట్యూషన్‌కు పంపకుండా నడుమ గంటసేపు వదిలిపెట్టండి. ఎండలు ముదిరాక ఆ గంటను ఉదయానికి మార్చండి. వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకు నేను ఇదే మైదానంలో ఉంటాను. పెంకులు, బంతి నేను తెస్తాను. అబ్బాయిలతో పాటు అమ్మాయిలనూ పంపండి.