క్యాన్సర్ వైద్యంలో ఎవరి పని ఏమిటి?

అందరికీ నమస్కారం.

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తెలిశాక మొదటి వారాల్లో ఎక్కువ సతాయించే ప్రశ్న, "ఇది ఎవర్ని అడగాలి?" అన్నది. సర్జన్‌ను అడిగితే ఆంకాలజిస్టును, అంటే క్యాన్సర్ డాక్టరును, అడగమంటారు, ఆయన రిపోర్టు రానివ్వమంటారు. తిప్పుతున్నారేమో అనిపిస్తుంది. నిజానికి ఈ వైద్యం ఒక్కరి చేతిలో ఉండదు. ఎవరి పని ఏమిటో తెలిస్తే టెన్షన్ కొంతైనా తగ్గుతుంది.

రోగి దాదాపు ఎన్నడూ చూడని మనిషితో మొదలుపెడతాను. ఆ మనిషి పాథాలజిస్టు. ముక్క పరీక్షకు (బయాప్సీకి) తీసిన కణజాలాన్ని ఫార్మాలిన్‌లో ఉంచుతారు. తర్వాత మైనపు దిమ్మలో బిగించి, వెంట్రుక కన్నా పల్చటి పొరలుగా కోసి, రంగులు పట్టించి మైక్రోస్కోపు కింద చూస్తారు. క్యాన్సర్ అవునా కాదా, అయితే ఏ రకం అన్నది తేలేది అక్కడే. రొమ్ము క్యాన్సర్ అయితే ఈఆర్, పీఆర్ (కణాల్లో హార్మోన్లను అందుకునే గ్రాహకాలు), హెర్2 (కణాల మీద ఉండే ఒక ప్రొటీన్) పరీక్షలు కూడా చేస్తారు. హార్మోన్ మాత్రలు పనికొస్తాయా, హెర్2 మీద పనిచేసే మందు ఇవ్వాలా అన్నది వాటిని బట్టే ఉంటుంది. అందుకే రిపోర్టుకు రోజులు పడుతుంది. దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. రిపోర్టు కాపీ మాత్రం తప్పకుండా దగ్గర పెట్టుకోండి.

ఆపరేషన్ చేసేది సర్జన్, కీమో వంటి మందులు చూసేది మెడికల్ ఆంకాలజిస్టు, రేడియేషన్ ఇచ్చేది రేడియేషన్ ఆంకాలజిస్టు. స్కాన్లు చదివే రేడియాలజిస్టు వేరు. ఈ ఇద్దరినీ చాలామంది ఒకరే అనుకుంటారు. రేడియేషన్ ఏ కోణంలో, ఎంత మోతాదులో పడాలో లెక్కకట్టే మెడికల్ ఫిజిసిస్టు ఇంకొకరు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది వీళ్లంతా కూర్చుని తేల్చే సమావేశాన్ని ట్యూమర్ బోర్డు అంటారు. కొందరికి గడ్డ చిన్నదయ్యేందుకు ఆపరేషన్‌కు ముందే కీమో ఇస్తారు. "మా కేసు ట్యూమర్ బోర్డులో మాట్లాడారా?" అని అడగడం మీ హక్కు. మొహమాటపడకండి.

ఇక నర్సులు. నా దృష్టిలో రోగికి అందరికన్నా దగ్గరగా ఉండేది వీళ్లే. కీమో ఎక్కించే ముందు ఇద్దరు కలిసి పేరు, మందు, మోతాదు సరిచూస్తారు. మళ్లీ మళ్లీ పేరు అడుగుతున్నారని విసుక్కోకండి. సూది దగ్గర మంటగా అనిపిస్తే ఆ క్షణమే చెప్పండి, మందు నరం బయటికి కారుతూ ఉండొచ్చు. ఇంటికెళ్లాక జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగవద్దు. కీమో వల్ల తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకండి, అడక్కుండా ఏ మాత్రా ఇవ్వకండి. అర్ధరాత్రి ఏ నంబరుకు ఫోన్ చేయాలో మొదటి కీమో రోజే నర్సును అడిగి రాసుకోండి.

తిండి సయించకపోతే డైటీషియన్, చెయ్యి వాస్తే ఫిజియోథెరపిస్టు, మనసు కుంగితే కౌన్సెలర్ ఉన్నారు.

పాలియేటివ్ కేర్ పేరు చెప్పగానే చాలామంది హడలిపోతారు, ఇక ఆశ లేదన్నట్టుగా. అది సరికాదు. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి తగ్గించడం ఆ బృందం పని. మిగతా వైద్యం నడుస్తుండగానే వాళ్లు చూడొచ్చు. ఇతర భాగాలకు పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై 2010లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, మొదటినుంచీ ఈ సంరక్షణ అందినవాళ్లు మెరుగ్గా బతికారు, సగటున ఎక్కువ కాలం కూడా బతికారు. కాబట్టి నొప్పి మొదలైన రోజే ఆ బృందాన్ని కలుస్తామని అడగండి. డాక్టరుగారు పంపేదాకా ఓర్చుకోనక్కర్లేదు.